ఇయాన్ మకాయ్‌ని మొదటిసారి వినేవాళ్లకు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. ఈమధ్య వాట్సాప్‌లో అడిగాడు, "బాబాయ్, హార్డ్‌కోర్ పంక్ అంటుంటావు కదా, అసలు ఎవరితో మొదలుపెట్టాలి, ఏ వరసలో వినాలి" అని. హార్డ్‌కోర్ పంక్ అంటే చాలా వేగంగా, అరుస్తూ పాడే ఒక రకం రాక్ సంగీతం. నాలుగు లింకులు పంపి ఊరుకోవచ్చు. కానీ అలా పంపితే వాడు రెండు పాటలు విని, అరుపులు తప్ప ఏమీ లేవని పక్కన పెట్టేస్తాడు. ఇది ఖాయం, ఎందుకంటే మొదటిసారి నేను చేసింది కూడా అదే. ఆఫీసులో పని చేసుకుంటూ ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకున్నాను, మూడో పాటకు ఆపేశాను, మళ్లీ దాని జోలికి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది మీకు పోకూడదని, వాడికి ఫోన్లో చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా సలహా ఒక్కటే. పది బ్యాండ్లు ముట్టుకోకండి, ఒక్క మనిషిని పట్టుకుని మొదటి నుంచి ఇప్పటిదాకా వినండి. ఆ మనిషి ఇయాన్ మకాయ్. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాలామంది మెకే అని చదువుతారు, పలకాల్సింది మకాయ్ అనే. 1962లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టాడు, పదిహేడేళ్లకు బ్యాండ్‌లో చేరాడు, తన పాటల్ని తన సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీదే తెచ్చుకున్నాడు, షోలు తనే మాట్లాడుకున్నాడు, టికెట్టు ధర ఎంతుండాలో తనే చెప్పాడు. నలభై ఏళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు. అందుకే ఆయన పాటల్ని వట్టి పాటలుగా వింటే సగమే అందుతుంది. ఆ పాట ఏ గదిలో పాడారు, ఎంత డబ్బుతో రికార్డు చేశారు, వినడానికి వచ్చినవాళ్లు ఎంత కట్టారు అన్నది కూడా పాటతోపాటే తెలియాలి. నేను చెప్పే వరస అంతా దాని కోసమే.

ఇంకో కారణం కూడా ఉంది. నేనుండేది ఉత్తర వర్జీనియాలో. హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు, శనివారం సాయంత్రం కిరాణా కొట్టుకి వెళ్తే ఇంగ్లీషు వినబడదు. అక్కణ్నుంచి కారులో కాసేపు వెళ్తే వచ్చే ఆర్లింగ్టన్‌లోనే ఈ కథలో సగం జరిగింది, ఒక అద్దె ఇంట్లో, ఇంకొకరి ఇంటి బేస్‌మెంట్‌లో. ఏళ్ల తరబడి ఆ దారిలో ఆఫీసుకి వెళ్లొస్తూ నాకూ ఆ సంగతి తెలియదు.

మొదటి పని, మకాయ్ కన్నా ముందు ఇంకొకళ్లని ఒక్క పాట వినండి. బ్యాడ్ బ్రెయిన్స్ అని వాషింగ్టన్ బ్యాండే, నలుగురు నల్లజాతి కుర్రాళ్లు, జాజ్ ఫ్యూజన్ వాయించిన చేతులు, తర్వాత రెగే కూడా వాయించారు. 1980లో వచ్చిన వాళ్ల మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటలే ఉండే చిన్న రికార్డు) మీది ముఖ్యమైన పాట రెండు నిమిషాలు కూడా ఉండదు. న్యూయార్క్, లండన్ నుంచి వచ్చిన పంక్‌ని వీళ్లు ఎంత వేగంగా వాయించారంటే, చూసిన పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలకి ఇక పాత వేగం సరిపోలేదు. ఆ పిల్లల్లో మకాయ్ ఒకడు, ఆయన చిన్ననాటి స్నేహితుడు హెన్రీ గార్ఫీల్డ్ ఇంకొకడు. ఆ హెన్రీయే 1981లో జార్జ్‌టౌన్‌లోని ఐస్‌క్రీమ్ షాపు మేనేజర్ ఉద్యోగం వదిలేసి కాలిఫోర్నియా వెళ్లి బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండ్‌లో గాయకుడయ్యాడు, హెన్రీ రాలిన్స్ పేరుతో. ఆయన కథ వేరే, దాని జోలికి ఇప్పుడు పోను. హార్డ్‌కోర్ అంటే ఈ వేగం, ఈ పొట్టితనం, పాడేవాళ్లకీ వినేవాళ్లకీ ఒకే వయసు ఉండటం. ఆ మూడూ మనసులో పెట్టుకుంటే చాలు, నిర్వచనాలు అక్కర్లేదు.

తర్వాత టీన్ ఐడిల్స్. ఇందులో మకాయ్ పాడలేదు, బేస్ వాయించాడు. సంగీతం కోసమే అయితే ఒక్కసారి వింటే సరిపోతుంది, ఈ బ్యాండ్ కథ మాత్రం బాగా తెలుసుకోవాలి, తర్వాత జరిగినవాటికి వేరు ఇక్కడే ఉంది. 1980 ఆగస్టులో వీళ్లు బస్సెక్కి దేశం ఆ చివర కాలిఫోర్నియా వెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్బులో, మైనర్లకి మందు అమ్మకూడదు కాబట్టి లోపలికి వచ్చేటప్పుడు చేతుల మీద నల్లటి మార్కర్‌తో పెద్ద గుణకారం గుర్తు వేశారు. తిరిగొచ్చాక వాషింగ్టన్‌లో కొత్తగా తెరిచిన నైన్ థర్టీ క్లబ్‌కి ఇదే పద్ధతి చెప్పారు: మా చేతుల మీద గుర్తు వెయ్యండి, మేం తాగం, లోపలికి మాత్రం రానివ్వండి అని. తర్వాత ప్రపంచమంతా మత్తు ముట్టనివాళ్ల జెండాగా మారిన ఆ గుర్తు, మొదట పాట వినడానికి లోపలికి రానివ్వమని పిల్లలు పెట్టుకున్న అర్జీ. ఈ తేడా తెలియకపోతే తర్వాత వచ్చే పాట తప్పుగా అర్థమవుతుంది.

ఆ ఏడాది నవంబరులో బ్యాండ్ విడిపోయింది. షోల మీద వచ్చిన ప్రతి డాలరూ పంచుకోకుండా ఒక పెట్టెలో దాచారు, సుమారు 600 డాలర్లు పోగయ్యాయి. నలుగురూ పంచుకోవచ్చు, లేదా బ్యాండ్ ఎలాగూ లేదు కాబట్టి గుర్తుగా తమ పాటలతో ఒక గ్రామఫోన్ ప్లేటు వేయించుకోవచ్చు. ప్లేటే వేయించారు. ఎనిమిది పాటలు, వెయ్యి కాపీలు, 1980 డిసెంబరు. దాని కోసం పెట్టుకున్న లేబుల్ పేరే డిస్కార్డ్. అమ్మగా వచ్చిన డబ్బుతో ఇంకో ప్లేటు, దాని డబ్బుతో మరొకటి, వాటిమీదే ఇప్పటికీ నడుస్తోంది.

కవర్ల సంగతి దగ్గర కాసేపు ఆగండి. ప్లేట్లు ఫ్యాక్టరీ నుంచి వస్తాయి, కవర్లు మడిచి అంటించి ఇమ్మంటే దానికి వేరే డబ్బు. అందుకని డ్రమ్మర్ జెఫ్ నెల్సన్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక సింగిల్ కవరును తీసుకుని, అతికించిన చోట్ల మెల్లగా విప్పదీసి, చదునుగా పరిచి దాని చుట్టూ గీత గీసుకున్నాడు. ఆ కొలతకే తమ కవరు అచ్చు వేయించారు. స్నేహితులంతా నేల మీద కూర్చుని కత్తిరించడం, మడవడం, జిగురు రాయడం. ఇలా వేలకొద్దీ కవర్లు చేత్తో చేశారు. మీరూ ఒకటి చేసి చూడండి, పది నిమిషాల పని, నేను మా అమ్మాయితో కలిసి చేశాను. సింగిల్ ప్లేటు అడ్డం 7 అంగుళాలు, కవరు ఏడుంపావు ఉండాలి, లేకపోతే ప్లేటు దూరదు. పెళ్లి శుభలేఖ మందాన ఉండే కాగితం మీద పద్నాలుగున్నర పొడవు, ఏడుంపావు వెడల్పు గీసి, మధ్యలో మడత గీత పెట్టండి. ఒక సగానికి మాత్రం పైనా కిందా అర అంగుళం చెవులు వదలండి. చెవులు లోపలికి మడిచి ఫెవికాల్ సన్నగా రాసి, రెండో సగాన్ని వాటి మీదకి వాల్చి నొక్కి, ఆరేదాకా పైన లావుపాటి పుస్తకం పెట్టండి. మూడు వైపులా మూసుకుని నాలుగో వైపు తెరిచి ఉంటుంది. ఒకటి చేశాక ఇలాంటివి వెయ్యి చెయ్యడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా మొదటి కవరు వంకరగా వచ్చింది, మూడోది నిలబడింది, దాన్ని మా అమ్మాయి తన బల్ల మీద పెట్టుకుంది.

ఇప్పుడు అసలు బ్యాండ్, మైనర్ థ్రెట్. ఇందులోనే మకాయ్ మైకు పట్టుకున్నాడు. జెఫ్ నెల్సన్ డ్రమ్స్, లైల్ ప్రెస్లర్ గిటార్, బ్రయన్ బేకర్ బేస్. మొదటి షో 1980 డిసెంబరు, చివరి షో 1983 సెప్టెంబరు, మధ్యలో ప్రెస్లర్ కాలేజీకి వెళ్లడం వల్ల కొన్నాళ్లు ఆగిపోయింది కూడా. తర్వాత ఒక్క సీడీగా వచ్చిన వాళ్ల మొత్తం పాటలు 26, అంతా కలిపి 47 నిమిషాలు. మన సినిమాలో ఇంటర్వెల్ కూడా పడదు ఆ లోపు. అయినా అన్నీ ఒకేసారి వినొద్దు. 1981లో వచ్చిన మొదటి ప్లేటు ఎనిమిది పాటలే పెట్టుకోండి, ఇలా వినండి.

ముందు సాహిత్యం చదవండి. నెట్‌లో దొరుకుతుంది. ఒక్కో పాట అరపేజీ కూడా ఉండదు. చదివేటప్పుడు పాట వద్దు. చదవడం అయ్యాక స్పీకర్‌లో పెట్టండి, వీలైతే ఇయర్‌ఫోన్స్ వద్దు, ఈ రికార్డింగ్ గది గాలిలో వినాల్సింది. మొదటిసారి మాటల వెంట వెళ్లండి. అప్పుడు తెలుస్తుంది, ఆయన అరుస్తున్నా ఒక్క మాట కూడా మింగడం లేదు, ప్రతి హల్లూ విరిచినట్టు వినబడుతుంది. తర్వాత వచ్చిన హార్డ్‌కోర్ గాయకుల్లో చాలామందికి ఈ పట్టింపు లేదు. నాకు ఈయన నచ్చడానికి మొదటి కారణం అదే: చెప్పాల్సింది ఉంది కాబట్టి అరుస్తున్నాడు, అది అవతలివాడికి చేరాలని పట్టుదలగా ఉన్నాడు. రెండోసారి డ్రమ్స్ ఒక్కటే వినండి, ఎంత వేగంలోనూ నెల్సన్ చెయ్యి జారదు. మూడోసారి దేని వెంటా పోకుండా ఊరికే వినండి.

ఆ ఎనిమిదిలోనే ఉంది స్ట్రెయిట్ ఎడ్జ్. నిమిషం కూడా లేని పాట. నాకు మత్తు అక్కర్లేదు, నాకు వేరే పనులున్నాయి అని ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు చెప్పడం, అంతే. తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. తాగొద్దు, సిగరెట్ ముట్టొద్దు అని అమ్మానాన్నలు, మాస్టార్లు చెప్పగా వినీ వినీ పెరిగాం కాబట్టి ఇది కూడా పెద్దల సుద్దుల్లాగే వినబడుతుంది. దాన్ని తిరగేసి వినాలి. ఆ ఊళ్లో బీరు, వైను తాగడానికి అప్పటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు చాలు, తోటి పిల్లల్లో తాగనివాడే వింత. పెద్దలు కాదు, స్నేహితులే తాగమని నెట్టే చోట, ఒకడు తన వయసువాళ్ల ఎదురుగా నిలబడి నేను రాను అంటున్నాడు. హాస్టల్లో మొదటి నెల ఎవరైనా చేతిలో గ్లాసు పెడితే వద్దనడానికి ఎంత గుండె కావాలో గుర్తు తెచ్చుకోండి. ఆ పాట అక్కణ్నుంచి వస్తోంది.

అది ఉద్యమమవుతుందని ఆయన అనుకోలేదు, కావాలని కోరుకోనూ లేదు. బోస్టన్ నుంచి మొదలుపెట్టి చాలా ఊళ్లలో పిల్లలు ఆ పేరుతో గుంపులు కట్టారు, కొన్నిచోట్ల తాగేవాళ్ల మీద చెయ్యి చేసుకునేదాకా పోయింది. ఔట్ ఆఫ్ స్టెప్ అనే ఇంకో పాటలో నేను ఇవి చెయ్యను అని చెప్పే వరస ఉంది, అది మీరు చెయ్యకండి అన్నట్టు వినబడుతోందని బ్యాండ్‌లోనే నెల్సన్ గొడవపడ్డాడు. 1983లో అదే పాటను మళ్లీ రికార్డు చేసినప్పుడు మధ్యలో మకాయ్ మామూలు గొంతుతో, ఇది రూల్స్ పట్టిక కాదు, మీరేం చెయ్యాలో నేను చెప్పడం లేదు అనే అర్థం వచ్చేలా మాట్లాడతాడు. 1981 పాటనీ 1983 పాటనీ పక్కపక్కన పెట్టుకుని వినండి. ఒక మనిషి తన మాట తన చెయ్యి దాటిపోతుంటే వెనక్కి లాక్కోవడానికి చేసే ప్రయత్నం అలా రికార్డయి ఉండటం నేను ఇంకెక్కడా వినలేదు.

రెండో ప్లేటులో ఇన్ మై ఐస్ తప్పకుండా వినాలి. ఒక లైను మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు అంటాడు, మరుసటి లైను అరుస్తాడు. మెల్లగా అన్నది ఎదుటివాడి సాకు, అరిచింది దానికి జవాబు. ఇది పట్టుకుంటే పాటంతా ఒక వాదనలా నడుస్తుంది. అదే ప్లేటులో జాతి గురించిన పాట ఒకటుంది, తెల్లవాడిగా పుట్టినందుకు నేరం మోపుతున్నారు అనే ధోరణిలో. నల్లజాతి పిల్లలే ఎక్కువగా ఉన్న బడిలో చదివినప్పటి అనుభవం మీద రాశానని, జాతి విద్వేషానికి వ్యతిరేకంగానే రాశానని ఆయన చెప్తూ వచ్చాడు, కానీ జాతి విద్వేషం ఉన్నవాళ్లు కూడా దాన్ని తమ పాటగా వాడుకున్నారు. నాకు అది వినడం ఇబ్బందిగానే ఉంటుంది. పందొమ్మిదేళ్లకి రాసినవన్నీ నిలబడవు, అది దాచాల్సిన విషయమూ కాదు. వినండి, మీకేమనిపిస్తుందో మీరే చూసుకోండి.

మైనర్ థ్రెట్‌లో చివరగా శాలడ్ డేస్. బ్యాండ్ విడిపోయాక 1985లో వచ్చిన సింగిల్. ఇందులో అకూస్టిక్ గిటార్ ఉంటుంది, గంటల మోత ఉంటుంది, కోపం కన్నా దిగులు ఎక్కువ. మొదలుపెట్టి మూడేళ్లు కాకుండానే ఆ రోజులే బాగుండేవి అని అందరూ అంటుంటే, నిజంగా అంత బాగున్నాయా అని అడిగే పాట. కవరు మీద నలుగురూ ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటారు. అదే ఆర్లింగ్టన్‌లో 1981లో అద్దెకి తీసుకున్న డిస్కార్డ్ ఇల్లు. ఇక ఔట్ ఆఫ్ స్టెప్ ఆల్బం కవరు మీద, తెల్ల గొర్రెల మంద లోంచి పక్కకి ఎగురుతున్న ఒక నల్ల గొర్రె బొమ్మ ఉంటుంది, సింథియా కానలీ వేసినది. నాకు ఈ సంగీతంలో కనబడే బొమ్మలన్నిట్లోకీ అదే ఇష్టం.

1985, 86ల్లో మకాయ్ పాడిన ఎంబ్రేస్ అనే బ్యాండ్ ఉంది, కోపం బయటివాళ్ల మీద నుంచి తన మీదకి తిరిగిన పాటలు. ఒక్కసారి వినండి, నచ్చకపోతే ముందుకి పోండి. అప్పటికి వాషింగ్టన్ షోలలో తోపులాటలు, దెబ్బలాటలు పెరిగిపోయి, పాత స్నేహితులంతా విసిగిపోయి కొత్త బ్యాండ్లు పెట్టారు. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అందులో ఒకటి, దాని గాయకుడు గై పిచాటో పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక మకాయ్ తర్వాతి బ్యాండ్, ఫ్యుగాజీ. ఇక్కడ తొందరపడొద్దు, నెల రోజులు ఇవ్వండి. 1987 సెప్టెంబరులో మొదటి షో, 2002 నవంబరులో లండన్‌లో చివరి షో, మధ్యలో దాదాపు వెయ్యి షోలు. మకాయ్, పిచాటో ఇద్దరూ పాడతారు, ఇద్దరూ గిటార్ పడతారు, జో లాలీ బేస్, బ్రెండన్ క్యాంటీ డ్రమ్స్. గట్టిగా, తిన్నగా వచ్చే గొంతు మకాయ్‌ది, పైకి సాగి వణికే గొంతు పిచాటోది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

వెయిటింగ్ రూమ్ పాటతో మొదలుపెట్టండి, అందరూ అక్కడే మొదలుపెడతారు, సరైన చోటే అది. బేస్ ఒక్కటే వస్తుంది. దాని మీద గిటారు, డ్రమ్స్ ఎక్కుతాయి. ఇంకేం పాట అందుకుంటుంది అనుకునే సమయానికి మొత్తం ఆగిపోతుంది. దాదాపు నాలుగు సెకన్లు ఏమీ లేదు. ఆ నాలుగు సెకన్లలో మీ ఒళ్లు ఏం చేస్తోందో గమనించండి. తల ఊగుతూనే ఉంటుంది, కాలు తాళం వేస్తూనే ఉంటుంది, పాట లేకపోయినా. తర్వాత మళ్లీ అందరూ ఒక్కసారిగా దిగుతారు. మైనర్ థ్రెట్‌లో వేగంతో చేసిన పనిని ఇక్కడ ఆగడంతో చేస్తున్నారు. ఏడేళ్లలో ఆయన నేర్చుకున్నది ఏమిటో ఆ మౌనంలో తెలుస్తుంది. ఎదురు చూడటం గురించిన పాటలో మనచేత ఎదురు చూపించడం, నాకు ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ పాట ఉన్న 13 సాంగ్స్ ఆల్బంలోనే సజెషన్ అనే పాట ఉంది, వీధిలో నడిచే ఆడపిల్ల అనుభవించే వేధింపు గురించి, ఆమె గొంతుతో. ఒక మగవాడు ఆ గొంతు తీసుకోవచ్చా అని అప్పుడే అడిగినవాళ్లున్నారు. ఆ పాటకి కారణం ఫైర్ పార్టీ అనే బ్యాండ్ గాయని ఎమీ పికరింగ్ పంచుకున్న అనుభవం, కొన్ని షోలలో ఆమే వచ్చి పాడింది. తర్వాత రిపీటర్ ఆల్బం, 1990. నా లెక్కలో ఫ్యుగాజీ అంటే ఇదే. ఆ తర్వాత నేరుగా చివరి ఆల్బం ది ఆర్గ్యుమెంట్‌కి, 2001కి దూకండి. అందులో క్యాషౌట్ పాట, ఊరు ఖరీదై పాత అద్దెవాళ్లని ఖాళీ చేయించడం గురించి. మధ్యలో ఉన్న నాలుగు ఆల్బంలు వెనక్కి వచ్చి మెల్లగా వినొచ్చు, వాటికి వరస అక్కర్లేదు.

ఈ పాటలు వింటూ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఫ్యుగాజీ షో టికెట్టు ఎక్కువగా 5 డాలర్లే ఉండేది. ఏ వయసువాళ్లైనా రావచ్చు. టీషర్టులు అమ్మేవాళ్లు కాదు. మేనేజర్ లేడు, షోలు మాట్లాడేది మకాయే. సొంత ఊళ్లో ఆడితే దాదాపు ఎప్పుడూ ఉచితంగానో, ఏదో ఒక సహాయ నిధి కోసమో. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం ముందు వైట్‌హౌస్ ఎదురుగా చలిలో నిలబడి వాయించారు. మద్యం, సిగరెట్ ప్రకటనలు వేసే పత్రికలకి ఇంటర్వ్యూలు వద్దన్నారు. నిర్వాణా అనే బ్యాండ్ పెద్ద హిట్టయ్యాక పెద్ద కంపెనీలు ఇలాంటి బ్యాండ్ల వెంటపడితే వీళ్లు వెళ్లలేదు. డిస్కార్డ్ ప్లేట్ల కవర్ల మీద పోస్టు ఖర్చుతో సహా ధర అచ్చు వేసేవాళ్లు, షాపువాడు ఎక్కువ అడిగితే కొనేవాడికి తెలియాలని. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద త్యాగంలా ఉండదు. పదిహేనేళ్లు షో తర్వాత షోకి వదలకుండా చెయ్యడమే కష్టం.

షోలో ఎవడైనా పక్కవాళ్లని తోస్తూ, తలల మీదకి దూకుతూ ఉంటే పాట ఆపేసేవాళ్లు. మకాయ్ వాడిని చూపించి, మర్యాదగానే, ఆపమని చెప్తాడు. వినకపోతే కవరులో పెట్టి ఉంచిన 5 డాలర్లు చేతికిచ్చి బయటికి పంపిస్తారు. దీన్ని కళ్లారా చూడాలంటే జెమ్ కోయెన్ తీసిన ఇన్‌స్ట్రుమెంట్ డాక్యుమెంటరీ చూడండి, 1999లో వచ్చింది, పదేళ్లకి పైగా తీసిన దృశ్యాలు. నాకు ఇందులో బాగా నచ్చింది ఏమిటంటే, ముందు వరసలో నలిగిపోతున్న చిన్నపిల్లలు, ఆడపిల్లలు కూడా టికెట్టు కొన్నవాళ్లే కదా అనే లెక్క. మన ఊళ్లో పెద్ద హీరో సినిమా మొదటి రోజు బెనిఫిట్ షోకి అక్కాచెల్లెళ్లని తీసుకెళ్లడానికి భయపడేవాళ్లకి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది.

చాలామందికి తెలియని ఖజానా ఇంకోటుంది. ఫ్యుగాజీ తమ షోలని సౌండ్ మనుషుల చేత టేపు చేయించి దాచింది, ఎనిమిది వందలకి పైనే. 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా నెట్‌లో పెడుతున్నారు. ఒక్కో షోకి అడిగే ధర, అదే 5 డాలర్లు, మీ వీలును బట్టి తగ్గించుకోవచ్చు కూడా. మీరు పుట్టిన ఏడాదో, మీకు తెలిసిన ఊరో చూసి ఒకటి తీసుకోండి. పాటల మధ్య మాటలు దాటేయకండి, పాటల కన్నా అవే కొన్నిసార్లు బాగుంటాయి. ఇవే కాకుండా రికార్డు చేసిన ఆల్బం పాటకీ అదే పాట షోలో వాయించినదానికీ తేడా వెతకండి, ముందే రాసుకున్న పాటల పట్టీ లేకుండా వేదిక మీదే ఒకరినొకరు చూసుకుని తర్వాతి పాటలోకి వెళ్లిపోయేవాళ్లు.

ఇంత విన్నాక చాలామంది ఆగిపోతారు. ఆగకండి. 2001లో ఆయన, డ్రమ్మర్ ఎమీ ఫరీనా కలిసి ది ఈవెన్స్ అని ఇద్దరి బ్యాండ్ పెట్టారు. బారిటోన్ గిటార్, డ్రమ్స్, ఇద్దరి గొంతులు. సౌండు చాలా తక్కువ. సొంత మైకు సెట్టు వెంట తీసుకెళ్లి, బార్లు, క్లబ్బులు కాకుండా కమ్యూనిటీ హాళ్లు, లైబ్రరీలు లాంటి చోట్ల, వినేవాళ్లు కింద కూర్చుంటే వాయించేవాళ్లు. 1980లో మందు అమ్మే చోట్లకి పిల్లల్ని రానివ్వమని చెయ్యి చాపి గుర్తు వేయించుకున్నవాడు, అసలు అలాంటి చోటే అక్కర్లేని సంగీతం చెయ్యడం దాకా వచ్చాడు. 2005లో వచ్చిన మొదటి ఆల్బం రాత్రి అందరూ పడుకున్నాక వినండి. అదే గొంతు, అదే పట్టింపు, అరుపు మాత్రం లేదు. 2020లో వీళ్లిద్దరూ జో లాలీతో కలిసి కొరికీ పేరుతో ఇంకో ఆల్బం తెచ్చారు.

వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉన్న మనవాళ్లకి ఒక ఆదివారం సరిపోయే దారి చెప్తాను. వాషింగ్టన్ డౌన్‌టౌన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ లైబ్రరీకి వెళ్లండి, అక్కడ నగర పంక్ ఆర్కైవ్ ఉంది, పాత షోల కరపత్రాలు, చేత్తో కుట్టిన చిన్న పత్రికలు, టేపులు దాచారు, 2014లో మొదలైంది. వెళ్లే ముందు వేళలు కనుక్కోండి. తర్వాత టెన్లీటౌన్ వైపు ఆయన చదివిన బడి, అప్పుడు విల్సన్ హైస్కూల్, 2022 నుంచి జాక్సన్-రీడ్. దాని దగ్గరే ఫోర్ట్ రీనో పార్కు, వేసవిలో సాయంత్రాలు ఉచిత సంగీత కార్యక్రమాలు జరిగే చోటు, ఫ్యుగాజీ అక్కడ ఎన్నో ఏళ్లు వాయించింది. జంపఖానా, పులిహోర డబ్బా పట్టుకెళ్లండి, పిల్లలు పరిగెత్తడానికి బోలెడంత గడ్డి ఉంది. ఆర్లింగ్టన్‌లో డాన్ జింటారా తన ఇంట్లో మొదలుపెట్టిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలోనే ఈ పాటల్లో చాలా భాగం రికార్డయ్యాయి. తర్వాత వేరే చోటికి మారిన ఆ స్టూడియో భవనం 2021లో మూతపడింది. డిస్కార్డ్ ఇల్లు మాత్రం వెతుక్కుంటూ వెళ్లకండి, అది చూడ్డానికి పెట్టిన చోటు కాదు.

మావాడు ఇంకో ప్రశ్న అడిగాడు, మేం నలుగురం బ్యాండ్ పెడదామనుకుంటున్నాం, ఈయన్ని చూసి ఏం చెయ్యాలి అని. వాడికి చెప్పింది ఇది. మొదటి షో నుంచే డబ్బులు పంచుకోకండి, ఒక డబ్బాలో వెయ్యండి, ఎంత వచ్చిందో తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. ఆ డబ్బుకి సరిపడా మాత్రమే రికార్డు చెయ్యండి, అప్పు చెయ్యకండి. టికెట్టు ధర మీ క్లాసులో అందరికన్నా తక్కువ పాకెట్ మనీ ఉన్నవాడు ఇవ్వగలిగినంత పెట్టండి. షో సాయంత్రం ఆరింటికి పెడితే అమ్మాయిలు ఇంటికి వెళ్లగలుగుతారు, తొమ్మిదింటికి పెడితే రారు. పాట రాసేటప్పుడు తెలుగులోనే రాసుకో, నువ్వు కోప్పడేది ఏ భాషలోనో ఆ భాషలోనే మాట విరిగి బయటికి వస్తుంది. గొంతు నొప్పి పుడితే ఆపెయ్, మర్నాడు మంచినీళ్లు తాగి మళ్లీ పాడు. ముందుగా ఆ ఎనిమిది పాటలు, సాహిత్యం పక్కన పెట్టుకుని, స్పీకర్‌లో.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు, నాలుగో పాట దాకా వచ్చానని, రూమ్మేట్ సౌండ్ తగ్గించమంటున్నాడని.